'కిడ్ ఎ', 'డమ్మీ' నచ్చాయి. ఇక్కణ్ణుంచి ఎటు వెళ్లాలి?

రాత్రిరేడియో

నాకు విడి పాటల కంటే ఆల్బమ్‌లంటే ఇష్టం. మొదటి ట్రాక్ నుంచి చివరిదాకా, మధ్యలో ఫోన్ ముట్టుకోకుండా వింటేనే విన్నట్టు ఉంటుంది. ఇప్పటిదాకా నన్ను గట్టిగా పట్టుకున్నవి రెండు: రేడియోహెడ్ 'కిడ్ ఎ', పోర్టిస్‌హెడ్ 'డమ్మీ'. ఎప్పుడు విన్నా అంతకుముందు పట్టుకోని చప్పుడు ఏదో ఒకటి బయటపడుతూనే ఉంది.

అక్కణ్ణుంచి ముందుకెళ్లడమే తెలియట్లేదు. యాప్‌ని నమ్ముకుంటే రేడియోహెడ్‌ని అనుకరించే బ్యాండ్‌లనే వరసపెట్టి ఇస్తోంది. అదే గొంతు, అదే గిటారు, అదే దిగులు. పోనీ 'తప్పక వినాల్సిన ఆల్బమ్‌లు' లాంటి పెద్ద లిస్టులు పట్టుకుంటే పరీక్షకి సిలబస్ ముందేసుకుని కూర్చున్నట్టుంది. ఒకదాని పక్కన ఇంకొకటి ఎందుకుందో ఎవరూ చెప్పరు.

ఎలక్ట్రానిక్ వైపు వెళ్లాలని ఉంది, ఏ మూల నుంచి మొదలుపెట్టాలో తెలీదు. హిప్-హాప్ మీద ఆసక్తి ఉంది కానీ సగం మాటలు అందవు. మా చెల్లి మాత్రం హిప్-హాప్ తప్ప వేరేది వినదు. కెండ్రిక్ లమార్ 'టు పింప్ ఎ బటర్‌ఫ్లై' అంటే తనకి ప్రాణం. ఇద్దరం కలిసి కూర్చుని వినగలిగేవి దొరికితే ఇంకా సంతోషం.

మీరు కొత్త ఆల్బమ్‌లు ఎలా పట్టుకుంటారు? పేర్లు చెప్పేటప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా వెళ్లారో కూడా చెప్పండి ప్లీజ్.


బేస్‌లైన్

మీ 'కిడ్ ఎ' నుంచి మీ చెల్లి 'బటర్‌ఫ్లై' దాకా దారి ఉందండీ. నేను ఆ దారిలోనే వచ్చాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నా.

ఒక ఆల్బమ్ నచ్చితే అలాంటి సౌండ్ ఇంకెక్కడుందా అని నేను వెతకను. ఇందులో ఎవరు వాయించారు, ఎవరు ప్రొడ్యూస్ చేశారు, ఏ పాత రికార్డులోంచి ముక్క తీసుకున్నారు, ఏ లేబుల్, అంటే ఏ రికార్డు కంపెనీ విడుదల చేసింది అని చూస్తాను. క్రెడిట్స్ చదవడం, అంతే. స్ట్రీమింగ్ యాప్‌లలో ఇవి అరకొరగా ఉంటాయి కాబట్టి డిస్కాగ్స్ సైట్ తెరుస్తాను. అది 2000లో ఎలక్ట్రానిక్ రికార్డుల జాబితాగానే మొదలైంది, అందుకే ఆ వైపు సమాచారం ఇప్పటికీ చాలా గట్టిగా ఉంటుంది. శాంపుల్స్, అంటే అలా పాత రికార్డుల్లోంచి తీసుకున్న ముక్కల సంగతి తెలుసుకోవడానికి హూశాంపుల్డ్ సైట్ ఉంది. కొత్త పేరు కనిపించగానే నోట్‌బుక్‌లో రాసుకుంటా. అదే పేరు వేరే ఆల్బమ్ క్రెడిట్స్‌లో మళ్లీ ఎదురైతే ఆ రోజే వింటా. సౌండ్ వెంట వెళ్తే ఉన్నచోటే తిరుగుతాం. మనుషుల వెంట వెళ్తే మనం ఊహించని చోట తేలతాం, ఎందుకంటే వాయించేవాళ్లు జానర్ గోడలు చూసుకుని స్నేహాలు చేయరు.

ఇప్పుడు 'కిడ్ ఎ' తీసుకోండి. 2000 అక్టోబర్‌లో వచ్చింది. అంతకుముందు ఆల్బమ్ 'ఓకే కంప్యూటర్' తర్వాత రేడియోహెడ్ గాయకుడు థామ్ యార్క్‌కి గిటారు పాటల మీద విసుగొచ్చి, వార్ప్ అనే లేబుల్ రికార్డులు తెగ విన్నాడు. 1989లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మొదలైన లేబుల్ అది. ఎఫెక్స్ ట్విన్, ఆటెకర్ లాంటి ఎలక్ట్రానిక్ సంగీతకారుల రికార్డులు ఆ లేబుల్ తెచ్చినవే. ఇక 'ఇడియోటెక్' పాటలో తిరిగి తిరిగి వచ్చే నాలుగు కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఉన్నాయి కదా, అవి రేడియోహెడ్ వాళ్లు వాయించినవి కావు. పాల్ లాన్‌స్కీ అనే స్వరకర్త 1973లో కంప్యూటర్ మీద చేసిన కృతిలోంచి తీసుకున్నవి. పాత రికార్డులో నచ్చిన ముక్క వెతికి, కోసి, మళ్లీ మళ్లీ తిరిగేలా లూప్ చేసి, కింద డ్రమ్స్ పరచడం హిప్-హాప్ వాళ్ల పని. మీకిష్టమైన రాక్ ఆల్బమ్ నడిబొడ్డున ఆ పనితనమే ఉంది.

'డమ్మీ' అయితే ఇంకా దగ్గర. 'గ్లోరీ బాక్స్' కింద నడిచే ఆ బరువైన నడక ఐజాక్ హేస్ 1971 ఆల్బమ్ 'బ్లాక్ మోజెస్' నుంచి వచ్చింది. పోర్టిస్‌హెడ్‌లోని జెఫ్ బారో బృందం ఇంకో పని కూడా చేసేది. స్టూడియోలో తామే వాయించుకుని, దాన్ని వైనల్ మీదికి ఎక్కించి, మళ్లీ ఆ డిస్కునే స్క్రాచ్ చేసి శాంపుల్‌గా వాడుకునేవాళ్లు. బెత్ గిబ్బన్స్ గొంతు చుట్టూ వినిపించే ఆ చిటపటలు చాలావరకు అలా వచ్చినవే. దీని పక్కన పెట్టుకుని వినాల్సింది డీజే షాడో 'ఎండ్‌ట్రొడ్యూసింగ్', 1996. మొత్తం ఆల్బమ్ శాంపుల్స్‌తోనే, ప్రధానంగా అకాయ్ ఎంపీసీ60 అనే ఒక్క శాంప్లర్ యంత్రం మీద కట్టాడు. ర్యాప్ లేదు, కాబట్టి మాటలు అందవన్న బెంగ లేదు. డ్రమ్స్ మాత్రం పూర్తిగా హిప్-హాప్. మీరు హిప్-హాప్‌లోకి అడుగుపెట్టడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి గుమ్మం లేదు.

వార్ప్ వైపు వెళ్తే ఎఫెక్స్ ట్విన్ చేసిన గరుకు ఆల్బమ్‌లతో మొదలుపెట్టకండి. బోర్డ్స్ ఆఫ్ కెనడా 1998లో తెచ్చిన 'మ్యూజిక్ హాజ్ ద రైట్ టు చిల్డ్రన్' వినండి. పేరులో కెనడా ఉంది గానీ వీళ్లు స్కాట్లండ్ అన్నదమ్ములు. నేషనల్ ఫిల్మ్ బోర్డ్ ఆఫ్ కెనడా డాక్యుమెంటరీల మీద ఇష్టంతో ఆ పేరు పెట్టుకున్నారు. సింథసైజర్ శ్రుతి ఒకచోట నిలవదు, టేపు సాగినప్పుడు వచ్చే ఆ ఊగిసలాట ఉంటుంది. ట్రాక్‌ల మధ్యలో పిల్లల గొంతులు తెగి తెగి వినిపిస్తాయి. దాని కింద నింపాదిగా నడిచే బ్రేక్‌బీట్, అంటే ముక్కలు చేసి పేర్చిన డ్రమ్ తాళం. ఎలక్ట్రానిక్ అంటే డాన్స్ ఫ్లోర్ అనుకునేవాళ్లందరికీ నేను మొదట ఇచ్చేది ఇదే.

అదే వార్ప్ నుంచి 2010లో వచ్చింది ఫ్లయింగ్ లోటస్ 'కాస్మోగ్రామా'. ఇక్కడే మీ రెండు లోకాలూ కలుస్తాయి. ఇందులో ఒక పాట థామ్ యార్క్ పాడాడు. బేస్ గిటారు థండర్‌క్యాట్‌ది. శాక్సఫోన్ రవి కోల్ట్రేన్‌ది, అంటే జాజ్ సంగీతకారులు జాన్ కోల్ట్రేన్, ఆలిస్ కోల్ట్రేన్‌ల కొడుకు. ఫ్లయింగ్ లోటస్‌కి ఆలిస్ స్వయానా అమ్మమ్మ అక్క. వీలైతే 'కాస్మోగ్రామా' విన్న రోజే ఆలిస్ 'జర్నీ ఇన్ సచ్చిదానంద' కూడా వినండి, 1971ది. తంబురా శ్రుతి మీద ఆమె హార్ప్, పైన ఫారో సాండర్స్ శాక్సఫోన్. 'కాస్మోగ్రామా'లో ఆ హార్ప్ ఎందుకు మెరుస్తుందో ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసిపోతుంది. ఈ రెంటినీ ఒకే సాయంత్రం వినడం నాకు సంగీతం వినడంలో జరిగిన గొప్ప విషయాల్లో ఒకటి.

ఇప్పుడు మీ చెల్లి దగ్గరికి. 2015లో వచ్చిన 'బటర్‌ఫ్లై' మొదటి ట్రాక్ 'వెస్లీస్ థియరీ' ప్రొడ్యూసర్ ఎవరనుకున్నారు? ఫ్లయింగ్ లోటస్. బేస్ థండర్‌క్యాట్. కమాసి వాషింగ్టన్ శాక్సఫోన్ కూడా ఆ ఆల్బమ్‌లో ఉంది. అంటే తను ఇష్టపడే మనుషులే మీకు నచ్చబోయే ఆల్బమ్‌లు చేశారు. తనకి మాత్రం ముందే 'కాస్మోగ్రామా' ఇవ్వకండి, గజిబిజిగా అనిపించి పక్కన పెట్టేయొచ్చు. థండర్‌క్యాట్ 2017 ఆల్బమ్ 'డ్రంక్' ఇవ్వండి. చిన్న చిన్న పాటలు, చక్కటి గొంతు, ఒక పాటలో కెండ్రిక్ కూడా ఉన్నాడు. నేను ఎవరికి ఏ ఆల్బమ్ చెప్పినా వాళ్లకి ముందే ఇష్టమైన పేరు ఒకటైనా అందులో ఉండేలా చూసుకుంటా. అలా ఉంటే రెండో పాటకే ఆపేయరు.


నిశాచరి

బేస్‌లైన్ గారి దారి బాగుంది, నేనూ కొంతవరకు అలాగే వచ్చాను. కానీ దాంట్లో ఒక చిక్కుందండీ. శాంపుల్ వెంట, క్రెడిట్ వెంట వెళ్తే ఎప్పుడూ వెనక్కే వెళ్తాం. 1998, 1996, 1971. ఈ వారం ఎవరో చేసిన ఆల్బమ్ ఆ దారిలో ఎదురుకాదు. పైన చెప్పిన పేర్లలో ఆలిస్, బెత్ తప్ప ఆడవాళ్లు లేరు కూడా.

నేను చేసేది వేరు. ఆర్టిస్టుల దగ్గర నేరుగా ఆల్బమ్‌లు కొనుక్కునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో ఏదైనా ఆల్బమ్ పేజీ తెరిస్తే దాన్ని కొన్నవాళ్ల చిన్న చిన్న బొమ్మలు కనిపిస్తాయి, కొందరు నాలుగు ముక్కలు రాసి పెడతారు కూడా. నాకు నచ్చిన మాట రాసిన మనిషి బొమ్మ నొక్కి, వాళ్లు ఇంకేం కొన్నారో చూస్తా. డబ్బు పెట్టి కొనుక్కున్నవాళ్ల అభిరుచి మీద నాకు నమ్మకం ఎక్కువ. రెండోది రేడియో. లండన్‌లో 2011లో మొదలైన ఎన్‌టీఎస్ రేడియోలో ఒక్కో షో ఒక్కొక్కరిది, పాత షోలు ఆర్కైవ్‌లో ఉంటాయి, చాలావాటికి ట్రాక్‌లిస్టు కూడా ఉంటుంది. మీకు నచ్చే డీజే ఒక్కరు దొరికితే చాలు, నెలల తరబడి వినడానికి సరిపోతుంది.

'డమ్మీ' మీద అంత ఇష్టం ఉంటే టర్జా 2018లో తెచ్చిన 'డివోషన్' వినండి. మికా లెవి ప్రొడక్షన్. పియానో లూప్ ఒకటి, ఒక డ్రమ్ము, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టున్న గొంతు. ఇంత తక్కువ సరుకుతో ఇంత దగ్గరితనం ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మీ చెల్లికి లిటిల్ సిమ్స్ 'సమ్‌టైమ్స్ ఐ మైట్ బీ ఇంట్రోవర్ట్' ఇవ్వండి. 2021లో వచ్చింది, తర్వాతి ఏడాది బ్రిటన్‌లో ఆల్బమ్‌లకిచ్చే మెర్క్యురీ ప్రైజ్ గెలిచింది. మొదటి ట్రాక్‌లో బ్రాస్, కోరస్, డ్రమ్స్ అన్నీ ఒక్కసారిగా లేస్తాయి, వాటి మీద ఆమె అంత పెద్ద సంగీతానికీ తొణక్కుండా ర్యాప్ చేస్తుంది. కెండ్రిక్ అభిమానికి అది తప్పకుండా ఎక్కుతుంది.

బరియల్ 'అన్‌ట్రూ' పేరు ఎవరూ ఎత్తలేదేంటి? 2007, హైపర్‌డబ్ లేబుల్. డ్రమ్స్‌ని తాళం కొలిచిపెట్టే సీక్వెన్సర్ గళ్లలో పెట్టకుండా సౌండ్ ఫోర్జ్ అనే ఆడియో ఎడిటర్‌లో కంటితో చూసుకుంటూ అమర్చాడట, అందుకే ఆ తాళం ఎప్పుడూ కాస్త పక్కకి ఒరిగి ఉంటుంది. పాటల గొంతులు ముక్కలు చేసి, శ్రుతి మార్చి, మగా ఆడా తెలియకుండా చేస్తాడు. 'కిడ్ ఎ' చీకట్లో వినేవాళ్లు ఇది వినకుండా ఎలా ఉంటారు!


పాతటేపు

చిన్న మాట. ఎలక్ట్రానిక్ గురించి మాట్లాడుతూ చరణ్‌జిత్ సింగ్‌ని మర్చిపోకూడదు. 1982లో రోలండ్ కంపెనీ వాళ్ల టీబీ-303 బేస్ యంత్రం, టీఆర్-808 డ్రమ్ యంత్రం, జూపిటర్-8 సింథసైజర్ పెట్టుకుని 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' అని ఆల్బమ్ చేశాడు. షికాగోలో యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం పుట్టుకకి గుర్తుగా అందరూ చెప్పే ఫ్యూచర్ బృందం 'యాసిడ్ ట్రాక్స్' 1987ది. ఆ కరకరలాడే 303 బేస్ శబ్దం అంతకు ఐదేళ్ల ముందే రాగాల కింద నడిచింది! అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా వింది. భైరవ్ ట్రాక్‌తో మొదలుపెట్టండి.

దానికి జోడీగా ఫోర్ టెట్ 2015 ఆల్బమ్ 'మార్నింగ్/ఈవెనింగ్'. రెండే ట్రాక్‌లు, ఒక్కోటి దాదాపు 20 నిమిషాలు. మొదటిదాంట్లో లతా మంగేష్కర్ గొంతు హౌస్ బీట్ మీద తేలుతూ వస్తుంది. గొంతు వచ్చాక బీట్ తగ్గుతుంది, తగ్గి మళ్లీ పెరుగుతుంది, ఎక్కడా తొందర లేదు. ఇంట్లో మిగతావాళ్లకి కూడా అభ్యంతరం ఉండని ఆల్బమ్.


రాత్రిరేడియో

అందరికీ చాలా థ్యాంక్స్. 'ఎండ్‌ట్రొడ్యూసింగ్', 'అన్‌ట్రూ' రెండూ విన్నాను. బరియల్ విషయంలో నిశాచరి గారు చెప్పింది అక్షరాలా నిజం. 'డ్రంక్' చెల్లికి పంపితే అప్పటికే తన దగ్గర ఉందంది! ఇప్పుడు లిటిల్ సిమ్స్ వింటోంది, నాకు ఆ మొదటి ట్రాక్ తనే స్పీకర్లో పెట్టి వినిపించింది.

తనేమో నన్ను 'మ్యాడ్‌విలనీ' వినమంది. బీట్స్ అద్భుతం. మాటలే, బేస్‌లైన్ గారూ, ఒకటి పట్టుకునేలోపు నాలుగు దాటిపోతున్నాయి. లిరిక్స్ తెరిచి చదువుతుంటే పాట వినడం పోతోంది. మీరెలా వింటారు?


బేస్‌లైన్

మీ చెల్లి అభిరుచి చాలా మంచిది. 2004లో ఎంఎఫ్ డూమ్, మ్యాడ్‌లిబ్ కలిసి చేసిన 'మ్యాడ్‌విలనీ' నా దృష్టిలో హిప్-హాప్‌లోనే అత్యుత్తమమైన ఆల్బమ్‌లలో ఒకటి. 22 ట్రాక్‌లు, 46 నిమిషాలు. కోరస్‌లు దాదాపు లేవు, పాట వేడెక్కిందనుకునేలోపు అయిపోతుంది.

మొదటి రెండు మూడు సార్లు అర్థం కోసం వెతక్కండి. డూమ్ గొంతుని ఇంకో డ్రమ్ముగా వినండి. ఏ అక్షరం బీట్ మీద పడుతోంది, ఏది బీట్ దాటాక పడుతోంది, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడు, అంతే. ఆ తర్వాత ప్రాస పట్టుకోండి. మన వృత్తాలు, కందం లాంటి పద్యాల్లో ప్రాస ప్రతి పాదంలోనూ రెండో అక్షరం దగ్గర కుదురుతుంది, పాటల్లో అయితే పాదం చివర పడుతుంది. డూమ్ ఈ రెంటితో ఆగడు. రెండు మూడు అక్షరాల గుంపు ఒకటి తీసుకుని పాదం మొదట్లో, నడుమ, చివర, తర్వాతి పాదం నడుమ కూడా అదే ధ్వనితో వేరే వేరే మాటలు దించుతాడు. పద్యం వినడం అలవాటున్న చెవికి ఇది తొందరగానే తెలుస్తుంది, అర్థం తెలియకపోయినా సరే. ఇంగ్లిష్ యాస రాకపోవడం ఇక్కడ అంత పెద్ద అడ్డంకి కాదని నా నమ్మకం.

లిరిక్స్ చదవడం మూడో దశ. అదీ ఒక రోజుకి ఒక్క ట్రాక్. పాట ఆపేసి చదవండి, కవిత చదివినట్టు పైకి చదవండి. తర్వాత పేజీ మూసేసి పాట పెట్టండి. 'అకార్డియన్'తో మొదలుపెట్టండి, రెండు నిమిషాల లోపే. ఆ ట్రాక్‌లో వినిపించే అకార్డియన్ డేడలస్ అనే ఎలక్ట్రానిక్ సంగీతకారుడి ఆల్బమ్ నుంచి మ్యాడ్‌లిబ్ తీసుకున్నది. అంటే అక్కడా మీకు ఇంకో దారి తెరిచే ఉంది.

నిశాచరి గారు చెప్పిన ఆక్షేపణ సరైనదే. నా నోట్‌బుక్ తిరగేస్తే అత్యధికం పాత ఆల్బమ్‌లే. ఈ ఎన్‌టీఎస్ షోలలో ఏది మొదట వినాలో ఆవిడే చెప్తే బాగుంటుంది. 'డివోషన్' మాత్రం నిన్న విన్నాను, వెంటనే మళ్లీ మొదటినుంచి పెట్టుకున్నాను.


నిశాచరి

ఒక పేరు చెప్తే అది మీకు నచ్చకపోతే మొత్తం రేడియోనే వదిలేస్తారేమోనని భయం. ఇలా చేయండి: మీకు ఇష్టమైన ఆర్టిస్ట్ పేరు వాళ్ల సైట్లో సెర్చ్ చేయండి. ఆ పేరు ఎవరెవరి ట్రాక్‌లిస్టుల్లో ఉందో వస్తుంది. ఆలిస్ కోల్ట్రేన్‌నీ బరియల్‌నీ ఒకే గంటలో వేసినవాళ్లు కనిపిస్తే వాళ్లనే పట్టుకోండి.


రాత్రిరేడియో

ఇప్పుడే సెర్చ్ చేశా, ఈ వారాంతానికి సరిపడా దొరికాయి.

ఒక్క చివరి ప్రశ్న. మ్యాడ్‌లిబ్ వల్ల హిప్-హాప్ ప్రొడ్యూసర్ జె డిల్లా ఆల్బమ్ 'డోనట్స్' దాకా వచ్చాను. 31 ట్రాక్‌లు, చాలావరకు నిమిషం, నిమిషంన్నర. బాగుంది కానీ ట్రాక్ మారినప్పుడల్లా నా యాప్‌లో ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతోంది. అది ఆల్బమ్‌లోనే అలా ఉందా?


బేస్‌లైన్

లేదండీ, అది మీ యాప్‌లో క్రాస్‌ఫేడ్ పని, ఒక ట్రాక్ చివరని తర్వాతిదాని మొదట్లో కలిపేస్తుంది. సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ కింద క్రాస్‌ఫేడ్ ఆపేసి, గ్యాప్‌లెస్ (ట్రాక్‌ల మధ్య ఖాళీ లేకుండా) అని ఉంటే అది ఆన్ చేయండి. డిల్లా ప్రతి కోతనీ ఎక్కడ పడాలో అక్కడే పెట్టాడు. కొన్నిచోట్ల లూప్ మధ్యలోనే తెంచేసి తర్వాతిది మొదలుపెడతాడు. ఆ తెంపు స్పష్టంగా వినపడాలి.

షఫుల్ కూడా తీసేయండి. మొదటి ట్రాక్ పేరు చూశారుగా, 'అవుట్రో' అని ఉంటుంది. చివరి ట్రాక్ అయిపోయే చోటు సరిగ్గా దానిలోకే కలుస్తుంది. 2006 ఫిబ్రవరి 7న, తన 32వ పుట్టినరోజున, ఈ ఆల్బమ్ విడుదలైంది. మూడు రోజులకే డిల్లా చనిపోయాడు. ఆల్బమ్ మొత్తం రిపీట్‌లో పెట్టి, 31 నుంచి 1కి వెళ్లేచోట హెడ్‌ఫోన్స్‌తో వినండి.